లేసు కట్టే తోలు బంతి: ఆర్సెనల్ పుట్టిన నాటి ఆట, గోదావరి ఒండ్రులో

పాతకాలపు ఫుట్‌బాల్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న గోధుమ రంగు తోలు బంతి ఇది. అయిదో నంబరు సైజు, పద్దెనిమిది తోలు ముక్కలు, చేతికుట్టు. ఒకచోట నాలుగంగుళాల చీలిక, చీలిక మీద లేసు, లోపల గాలి నింపే, విడిగా ఊడొచ్చే రబ్బరు బ్లాడర్. జలంధర్, మీరట్‌ల వైపు నుంచి వస్తుంది. ధర రెండు వేలకి కాస్త అటూ ఇటూ. కొనేవాళ్ళలో ఎక్కువమంది షోకేసులో పెట్టుకోడానికే కొంటారు. ఇక్కడ రాసింది మాత్రం దాన్ని తన్ని, తడిపి, ఆరబెట్టి, కుట్లు ఊడితే మళ్ళీ కుట్టించి తేల్చుకున్న సంగతి. గోదావరి లంక ఇసుక మీద, దాళ్వా (రబీ వరి) కోసేసిన చేలో, వానాకాలం హైస్కూలు గ్రౌండు బురదలో.

తీర్పు ముందే చెప్పేస్తే నయం. ఊళ్ళో కొత్తగా టీము కట్టి, చందా పోగేసి, ఒకే ఒక్క బంతి కొనుక్కునేవాళ్ళు దీని జోలికి పోవద్దు. ఆల్రెడీ ఒక మంచి బంతి ఉండి, లండన్‌లోని ఆర్సెనల్ లాంటి క్లబ్బు మొదటి ఏడాది ఎలా ఈదుకొచ్చిందో కాళ్ళతో తెలుసుకోవాలన్న సరదా ఉంటే, రెండో బంతిగా దీనికి పెట్టిన డబ్బు దండగ కాదు.

అమలాపురం, రాజోలు, భీమవరం వైపు ఆర్సెనల్ జెర్సీ తొడుక్కున్న కుర్రాళ్ళకి కొదవ లేదు. ఆ ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసినవాళ్ళు తక్కువ. 1886 చివర్లో, లండన్‌కి తూర్పున థేమ్స్ ఒడ్డునున్న వూలిచ్‌లో, రాయల్ ఆర్సెనల్ అనే ప్రభుత్వ ఫిరంగుల కర్మాగారంలో, డయల్ స్క్వేర్ అనే వర్క్‌షాపు కార్మికులు టీము కట్టారు. ముందు నడిపినవాడు డేవిడ్ డాన్స్కిన్, స్కాట్లండ్ నుంచి పని కోసం వచ్చినవాడు. పదిహేను మంది తలా ఆరు పెన్నీలు వేశారు. షిల్లింగుకి పన్నెండు పెన్నీలు కాబట్టి మొత్తం ఏడు షిల్లింగుల ఆరు పెన్నీలు. బంతికి అది చాలలేదు. డాన్స్కిన్ సొంత జేబులోంచి ఇంకో మూడు షిల్లింగులు తీశాడు. ఆ పదిన్నర షిల్లింగులతో బంతి వచ్చింది. జెర్సీలు రాలేదు, గ్రౌండు అసలే లేదు.

డిసెంబరు 11న మొదటి మ్యాచ్ థేమ్స్ అవతల ఐల్ ఆఫ్ డాగ్స్‌లో, ఈస్టర్న్ వాండరర్స్ అనే టీముతో. 6-0తో గెలిచారంటారు. ఆ నేల ఎలా ఉందో సెక్రటరీ ఎలైజా వాట్కిన్స్ తర్వాత గుర్తుచేసుకున్నాడు: ఏ ఆకారమో చెప్పలేనంత అడ్డదిడ్డంగా ఉందట, మూడింట రెండొంతులు ఇళ్ళ పెరళ్ళు, మిగతా వైపు తెరిచిన మురుగు కాలవ. మురుగు డ్రైనులో పడ్డ బంతిని గెడతో లాక్కుని ఆట కొనసాగించే మన పల్లెల టీములకి ఇది వింతేం కాదు. తోలు బంతి డ్రైనులో పడితే మాత్రం వేరే కథ, దానికి తర్వాత వద్దాం.

ఆ క్రిస్మస్ రోజున రాయల్ ఓక్ అనే పబ్బులో కూర్చుని టీము పేరు డయల్ స్క్వేర్ నుంచి రాయల్ ఆర్సెనల్ అని మార్చుకున్నారు. టీములో గోల్‌కీపర్ ఫ్రెడ్ బియర్డ్స్‌లీ, డిఫెండర్ మోరిస్ బేట్స్ అంతకుముందు నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి ఆడినవాళ్ళు. పాత క్లబ్బుకి ఉత్తరం రాసి అడిగితే, ఫారెస్ట్ వాళ్ళు ఒక సెట్టు ఎర్ర చొక్కాలూ ఒక బంతీ పంపారు. ఆర్సెనల్ ఎరుపు అరువు ఎరుపే. చొక్కాల సంగతి అందరూ చెబుతారు కానీ, ఆ పార్సిల్లో బంతి కూడా ఉందన్నది ఎక్కువమంది వదిలేస్తారు. అప్పట్లో బంతి ఎంత ఖరీదు వస్తువో, ఎంత తొందరగా పాడైపోయేదో ఈ నమూనాని తడి నేల మీద కాసేపు ఆడితే అర్థమైపోతుంది.

ఇక వస్తువు. మొట్టమొదటి ఫిర్యాదు అమ్మేవాళ్ళ మాట మీద. చాలా చోట్ల దీన్ని విక్టోరియా కాలం నాటి బంతి అని రాస్తున్నారు. కాదు. 1880ల బంతులు ఎక్కువగా పొడుగాటి తోలు తొనలు కొన్ని రెండు కొసల దగ్గర గుండ్రటి బిళ్ళలో కలిసేలా ఉండేవి. మూడేసి పట్టీలు ఆరు గుంపులుగా కుట్టే ఈ పద్దెనిమిది ముక్కల పద్ధతి తర్వాత ఇరవయ్యో శతాబ్దపుది. డాన్స్కిన్ బృందం తన్నిన బంతి రూపం ఇది కాకపోయినా లోపలి సరంజామా, లేసు కట్టే తీరు, తోలు నీళ్ళు తాగే గుణం అన్నీ ఆ కాలానివే. రబ్బరు బ్లాడర్ అప్పటికే వచ్చేసింది. ఇంగ్లండులో రగ్బీ అనే పట్నంలో బూట్లు కుట్టే రిచర్డ్ లిండన్ 1862 ప్రాంతంలో పంది మూత్రాశయం బదులు రబ్బరుది పెట్టాడు. అంతకుముందు ఆ పంది బ్లాడర్‌ని నోటితో ఊదాల్సి వచ్చేది.

తోలు మందం రెండు మిల్లీమీటర్ల పైన ఉంది, మంచిదే. లోపల గుడ్డ అస్తరు రెండు పొరలు. అస్తరు లేని రకం కూడా ఇదే ఫొటోతో అమ్ముతారు, వందో రెండొందలో తక్కువకి. దాన్ని తీసుకోవద్దు. అస్తరు లేని తోలు తడిసిన కొద్దీ సాగుతుంది, నెల తిరక్కుండా చుట్టుకొలత పెరిగిపోయి కోలగా తయారవుతుంది. ఈ బంతి చుట్టుకొలత కొత్తలో 69 సెంటీమీటర్ల దగ్గర ఉంది. ఇప్పటి నిబంధన 68 నుంచి 70. బరువు కూడా ఇప్పటి 410–450 గ్రాముల లోపలే. ఇంకో మాట: 1937 దాకా నిబంధన 13 నుంచి 15 ఔన్సులే, అంటే 368–425 గ్రాములు. ఆ ఏడాది 14–16 ఔన్సులకి పెంచారు. పాతకాలపు బంతి ఇనప గుండులా ఉండేదని చెప్పుకునేదంతా తడిశాక సంగతి. పొడిగా ఉన్నప్పుడు అది ఇవాళ్టి బంతి కన్నా తేలికే.

గాలి కొట్టడమే అసలు పని. సూదితో గాలి కొట్టే అలవాటున్న కుర్రాళ్ళు ఇక్కడే చేతులెత్తేస్తారు. లేసు వాలీబాల్ రోజులు చూసిన పెద్దవాళ్ళు ఊళ్ళో ఉంటే ఒక్కసారి పిలవండి, పది నిమిషాల్లో చేసి చూపిస్తారు. వాళ్ళు లేకపోతే ఇలా:

చీలిక వదులు చేసి, లోపల కొద్దిగా టాల్కం పౌడర్ చల్లి అటూ ఇటూ దులపాలి. బ్లాడర్ అస్తరుకి అంటుకోకుండా జారడానికి ఇది. పౌడర్ మానేస్తే గాలి నిండేటప్పుడు రబ్బరు ఒకచోట పట్టేసి, ఇంకోచోట ఎక్కువ సాగి పలచబడుతుంది. ఎండాకాలం అక్కడే పగులుతుంది. ఖాళీ బ్లాడర్‌ని మడిచి లోపలికి తోసి, దాని గొట్టం చీలిక మధ్యలోంచి బయటికి ఉంచాలి. సైకిల్ పంపుకి సన్నటి ట్యూబు తగిలించి సగం గాలి కొట్టి ఆగాలి. అప్పుడు బంతిని రెండు చేతుల మధ్య పెట్టి చుట్టూ నొక్కుతూ తిప్పితే బ్లాడర్ సర్దుకుంటుంది. తర్వాత మిగతా గాలి. గొట్టాన్ని రెండుగా మడిచి మెలితిప్పి, మైనం రాసిన దారంతో ఏడెనిమిది చుట్లు బిగించి కట్టాలి. రబ్బరు బ్యాండు వేస్తే సరిపోతుందనుకుంటారు, మధ్యాహ్నం ఎండకి అది తెగుతుంది.

గొట్టాన్ని చీలిక కిందుండే తోలు నాలిక కిందకి పక్కవాటుగా పడుకోబెట్టాలి. నిలువుగా వదిలేస్తే గడ్డలా పైకి తన్నుకొస్తుంది, బంతి నేల మీద దొర్లేటప్పుడు ఆ పక్కకి గుంజుతుంది. గాల్లో కూడా అటే వంగుతుంది. ఇక లేసు. ఒక కొస నుంచి మొదలుపెట్టి, ప్రతి అడ్డు వరసా బిగించాకే తర్వాతిదానికి పోవాలి. అన్నీ దూర్చేసి చివర్లో ఒకేసారి లాగితే మధ్యలో వదులు, కొసల్లో బిగువు. బంతి కోడిగుడ్డు అయిపోతుంది. చివరి కొసని బయట ముడి వెయ్యకుండా లోపలి వరసల కిందకి తోసెయ్యాలి. బయట ముడి వేసిన బంతిని తలతో కొట్టినవాడి నుదుటి మీద దాని అచ్చు పడుతుంది.

గాలి ఎంత ఉందో గేజీతో చూసే దారి లేదు. నిబంధన ప్రకారం 0.6 నుంచి 1.1 వాతావరణ పీడనం ఉండాలి కానీ గొట్టం కట్టేశాక ఏం కొలుస్తాం? టైలర్ టేపు పెట్టి చుట్టుకొలత చూడండి. 70 దాటితే ఎక్కువైనట్టే, చీలిక పక్క కుట్లు ముందుగా విడిపోతాయి. రెండో పరీక్ష, గచ్చు మీద రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలి చూడటం. ఫిఫా పరీక్షలో మంచి బంతి 125 నుంచి 155 సెంటీమీటర్లు లేవాలి. ఇది ఆ కింది అంకె దగ్గర ఆగుతుంది, కొత్త తోలు కాబట్టి. కొన్నాళ్ళు ఆడాక తోలు మెత్తబడి ఇంకాస్త నయమవుతుంది. బ్లాడర్ పలచటి సహజ రబ్బరుది కాబట్టి రాత్రి నింపితే పొద్దుటికి కాస్త దిగుతుంది, అది లోపం కాదు. ప్రతి ఆటకీ ముందు లేసు విప్పి, గాలి నింపి, మళ్ళీ కట్టాల్సిందే.

నేలని బట్టి దీని బుద్ధి మారుతుంది. సంక్రాంతి తర్వాత, లంకల్లో ఇసుక పాలు ఎక్కువున్న మెత్తటి నేల మీద ఇది హాయిగా ఆడుతుంది. దొర్లుడు నెమ్మది, కాలికి దగ్గరగా ఉంటుంది, పాసు తిన్నగా వెళ్తుంది. ప్లాస్టిక్ పూత ఉన్న బంతి ఇసుక మీద జారిపోయే చోట ఇది నిలబడుతుంది. లంక ఇసుక తోలు పైపొరని గీకేసి రంగు పోగొడుతుంది, దానివల్ల ఆటకి నష్టం లేదు.

దాళ్వా కోసిన చేలో అలా కాదు. నల్లరేగడి ఎండి నెరియలు విచ్చుకున్నాక, కొయ్యకాళ్ళు నిలబడి ఉన్నచోట ఆడితే కుట్ల మధ్య దారం తెగుతుంది. తోలుకి ఏమీ కాదు, దారమే బలి. ప్లమ్‌స్టెడ్ కామన్ అనే మైదానంలో ఆర్సెనల్ మొదట్లో ఆడింది ఇలాంటి నేల మీదే. రాళ్ళు, పైగా సైన్యం గుర్రాలూ ఫిరంగి బళ్ళూ తిరిగి తిరిగి గాడులు పడ్డ నేల. బంతికి ముందు కాళ్ళు పోయే చోటు. మనవైపు కనీసం పార పట్టుకుని ఒక పూట కొయ్యకాళ్ళు చెక్కేసి, నెరియల్లో ఇసుక పోసుకోవచ్చు. గోలు ముందు పెనాల్టీ ఏరియా వరకైనా ఆ పని చేసుకున్నాకే ఈ బంతి దింపండి.

వానాకాలంలో దీని అసలు రంగు బయటపడుతుంది. సార్వా (ఖరీఫ్ వరి) నాట్ల రోజుల్లో హైస్కూలు గ్రౌండు అంటే అరచెయ్యి లోతు బురద. ఒక హాఫ్ అయ్యేసరికి ఈ బంతి అయిదు వందల గ్రాములు దాటేస్తుంది. నమ్మకం లేకపోతే కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద ఆటకి ముందొకసారి, తర్వాతొకసారి పెట్టి చూడండి, బురద తుడిచి మరీ. పెద్ద మ్యాచ్‌లకి వాడే ఫిఫా ముద్ర బంతులు నీళ్ళ పరీక్షలో సగటున పది శాతం మించి బరువెక్కకూడదు, ఇది ఆ హద్దుని చాలా ముందే దాటుతుంది. కారణం తోలు ఒక్కటే కాదు. నీళ్ళు ముందుగా పోయేది లేసు చీలికలోంచి, కుట్ల రంధ్రాల్లోంచి. లోపలున్న గుడ్డ అస్తరు వాటిని పట్టేసి ఉంచుతుంది. అందుకే పైన ఎంత నూనె రాసినా చీలిక దగ్గర మైనం దిట్టంగా పట్టించకపోతే ఉపయోగం లేదు.

ఇంగ్లండు చలికాలపు ఫుట్‌బాల్ అంతా ఈ తడి బంతితోనే సాగింది. 1887లో ఆర్సెనల్ ప్లమ్‌స్టెడ్ చిత్తడి నేలల అంచునున్న స్పోర్ట్స్‌మన్ గ్రౌండుకి మారింది. అది అంతకుముందు పందుల పెంపకం దొడ్డి. 1888లో మిల్‌వాల్‌తో మ్యాచ్ నాటికి అది నీళ్ళలో మునిగి ఉంటే, పక్కనే ఉన్న మానర్ ఫీల్డు పట్టుకున్నారు. స్టాండ్లు లేవు, సైన్యం దగ్గర బళ్ళు అడిగి తెచ్చి వరసగా నిలబెడితే జనం వాటి మీదెక్కి చూశారు. పక్కనే లండన్ మురుగు మోసే పెద్ద గొట్టం కట్ట. 1890లో ఇన్‌విక్టా గ్రౌండు అనే మంచి చోటుకి వెళ్ళారు గానీ, యజమాని అద్దె బాగా పెంచేసరికి 1893లో మళ్ళీ మానర్ గ్రౌండుకే వచ్చి ఈసారి దాన్ని కొనేసుకున్నారు. కంపెనీగా రిజిస్టరు చేసి షేర్లు అమ్మితే కొన్నవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల చేతిపని చేసుకునేవాళ్ళే. అదే ఏడాది ఫుట్‌బాల్ లీగు రెండో డివిజన్‌లో చేరారు, లండన్ నుంచి లీగులోకి వెళ్ళిన మొదటి క్లబ్బుగా. ఏడేళ్ళ కిందట ఆరేసి పెన్నీలు పోగేసిన గుంపు అది.

ఆ రోజుల్లో తడి తోలు బంతిని తలలతో కొట్టినవాళ్ళలో మోరిస్ బేట్స్‌కి ఇనప తలవాడని పేరు. పేరు సరదాగా ఉంది, ఆ పని మాత్రం ఎవరూ చెయ్యొద్దు. వెస్ట్ బ్రామిచ్ ఆటగాడు జెఫ్ ఆసిల్ 2002లో చనిపోతే, ఏళ్ళ తరబడి బరువైన బంతుల్ని తలతో కొట్టడం వల్ల మెదడు దెబ్బతిందని తేల్చి, దాన్ని వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా రాశారు. 2020లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ప్రైమరీ స్కూలు పిల్లలకి ప్రాక్టీసులో హెడింగే వద్దంది, అదీ ఇప్పటి తేలిక బంతులతో. కాబట్టి ఈ బంతితో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని తలతో ఆడనివ్వకండి. పెద్దవాళ్ళయినా తడిసిన బంతిని ఛాతీ మీద తీసుకోండి చాలు. లేసు వైపు నుదురు తగిలితే చర్మం లేచిపోతుంది.

బంతి పంట కాలవలో పడితే వెంటనే తీసి తుడిస్తే ఏమీ కాదు. మురుగు డ్రైనులోనో రొయ్యల చెరువులోనో పడితే మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో రెండు మూడుసార్లు తుడవాలి. ఉప్పునీరు ఆరాక తోలు మీద తెల్లటి చారలు కడుతుంది, ఆ ఉప్పు కుట్ల దగ్గర తోలుని బిరుసెక్కించి పెళుసు చేస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఒడ్డున ఆడేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

ఆరబెట్టడంలోనే ఎక్కువ బంతులు చస్తాయి. బురద తుడిచి, లేసు వదులు చేసి, సగం గాలి ఉంచి నీడలో గాలి ఆడేచోట వేలాడదీయాలి. రేకుల షెడ్డు మీద ఎండలో పెట్టినా, పొయ్యి గట్టు మీద పెట్టినా సాయంత్రానికి బాగా ఆరినట్టే కనిపిస్తుంది. తోలులో ఉన్న కొవ్వు వేడికి పోయి, రెండో వారానికి పగుళ్ళిస్తుంది. పగిలిన తోలుకి మందు లేదు.

ఆరాక నూనె. కోనసీమలో ప్రతివాడి చెయ్యీ కొబ్బరినూనె సీసా మీదకే వెళ్తుంది. వద్దు. పాతిక డిగ్రీల లోపే కరిగిపోయే నూనె అది, మన వాతావరణంలో ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలా ఉండి తోలులోకి ఇంకి దాన్ని వదులు చేస్తుంది తప్ప పైన పొర కట్టదు. తర్వాత ముక్కిన వాసన, చీమలు. చెప్పులు కుట్టేవాళ్ళు తరతరాలుగా వాడే ఆముదం మేలు. ఆముదం వంద గ్రాములు, తేనెమైనం పాతిక గ్రాములు ఒక గిన్నెలో వేసి, ఆ గిన్నెని మరిగే నీళ్ళలో పెట్టి కరిగించి చల్లారిస్తే మెత్తటి ముద్ద అవుతుంది. నేరుగా మంట మీద పెట్టకండి, అంటుకుంటుంది. ఒక బంతికి ఒక టేబుల్ స్పూను చాలు. గుడ్డతో పలచగా రుద్ది, కుట్ల మీదా చీలిక అంచుల మీదా వేలితో ఒత్తి పట్టించి, రాత్రంతా వదిలేసి పొద్దున్న పొడిగుడ్డతో తుడవాలి. ఎక్కువ రాస్తే మంచిదేగా అనుకుని గరిటెడు పామితే బంతి మెత్తబడి సాగిపోతుంది, బరువూ పెరుగుతుంది, బూటుకి జిడ్డు. ఆడినప్పుడల్లా రాయనక్కర్లేదు. నీటి చుక్క వేస్తే నిలబడకుండా ఇంకిపోతోందంటే మళ్ళీ రాసే వేళయినట్టు.

భాద్రపదం నుంచి కార్తీకం దాకా బూజు పడుతుంది, ముఖ్యంగా ప్లాస్టిక్ కవర్లో కట్టి దాచినవాటికి. వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెడితే పోతుంది. దాచేటప్పుడు వల సంచిలో వేసి దూలానికి వేలాడదీయండి. నేల మీద వదిలితే ఆముదం వాసనకి ఎలుకలు వస్తాయి.

ఇంత తిట్టాక దీని గొప్పతనం కూడా చెప్పాలి. ఇది బాగుచేసుకోగలిగిన బంతి. మిషను మీద అతికించిన కొత్త బంతికి ఒకచోట జిగురు ఊడితే పారేయడమే. దీన్ని తిరగేసి కుట్టి చీలికలోంచి బయటికి తిప్పుతారు కాబట్టి, బ్లాడర్ తీసేసి ఆ చీలికలోంచే మళ్ళీ తిరగెయ్యొచ్చు. కుట్టు ఎక్కడ పోయిందో లోపలి వైపు నుంచి కనిపిస్తుంది. సెంటర్లో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి, "బాబాయ్, పాత రంధ్రాల్లోనే పోవాలండి, కొత్తవి పొడవద్దు" అని ముందే చెప్పండి. ఆరెతో కొత్త రంధ్రాలు పొడిస్తే రెండు రంధ్రాల మధ్య తోలు చీలిపోతుంది. దారం నైలాన్‌దో పాలియెస్టర్‌దో మైనం పట్టించి వాడాలి, రెండు సూదులతో ఎదురెదురు కుట్టు. ఫ్యాక్టరీలో వేసిన నూలు దారం మన తేమకి ఒక వానాకాలం దాటదు. బొటనవేలితో నొక్కినప్పుడు రెండు ముక్కల మధ్య దారం తెల్లగా కనిపిస్తోందంటే అప్పుడే కుట్టించెయ్యాలి. ఒక కుట్టు తెగాక ఆడితే పక్కవి నాలుగు తెగుతాయి.

బ్లాడర్ పంక్చర్ అయితే సైకిల్ షాపే దిక్కు. నీళ్ళ బకెట్లో ముంచి బుడగలు చూసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి ట్యూబు ముక్క అతికిస్తే పట్టుకుంటుంది. అతుకు చిన్నదిగా, అంచులు పలచగా గీకించండి. దళసరి అతుకు వేస్తే బంతి ఒకవైపుకి తూలుతుంది. గొట్టం మొదట్లో చిరిగితే అతుకు నిలవదు, కొత్త బ్లాడరే.

మరి చందా డబ్బులతో ఏం కొనాలంటే, గ్రౌండు గరుగ్గా ఉన్నవాళ్ళు అచ్చు పోసిన రబ్బరు బంతి కొనండి, తడి లెక్కచెయ్యదు, ధర ఇందులో మూడో వంతు కూడా ఉండదు. కాలికి కాస్త గట్టిగా తగులుతుంది, ఎండకి ఉబ్బుతుంది. పచ్చిక ఉన్నవాళ్ళు బ్యూటైల్ అనే రకం రబ్బరు బ్లాడరున్న ముప్ఫైరెండు ముక్కల చేతికుట్టు బంతి. పంపు, రెండు సూదులు తప్పనిసరి. సూదికి ఉమ్ము తడి చేసుకుని దూర్చండి, పొడిగా గుచ్చితే వాల్వు చిరుగుతుంది.

ఇవన్నీ విన్నాక కూడా తోలు బంతే కావాలనుకుంటే, ఆర్డరు పెట్టే ముందు అమ్మేవాణ్ణి మూడు అడగండి. లేసు నిజంగా విప్పేదా, లేక అలంకారానికి కుట్టి పక్కన మామూలు వాల్వు పెట్టిందా? రెండో రకం కూడా ఇదే ఫొటోతో వస్తుంది, ఆడటానికి సుఖం, కానీ తిరగేసి కుట్టించే వీలుండదు. అస్తరు ఉందా, ఎన్ని పొరలు? గొట్టం బ్లాడర్ విడిగా అమ్ముతారా? "అన్నీ ఒకటేనండి, ఏదైనా పట్టుద్ది" అని జవాబొస్తే ఇంకో దుకాణం చూసుకోండి. బ్లాడర్ మాత్రం బంతితో పాటే ఒకటి అదనంగా తెప్పించుకోవాలి. అమలాపురంలో గానీ భీమవరంలో గానీ స్పోర్ట్స్ షాపులో దొరకడం కష్టం, అది లేనిదే రెండు వేల బంతి మళ్ళీ షోకేసుకే పోతుంది.